థర్మామీటర్‌కి వడదెబ్బ తగలకూడదు

భూమి వేడెక్కిపోతోందని గుండెలు బాదుకునేవాళ్లను చూస్తే నాకు జాలేస్తుంది. అందులో ఎన్ని లాభాలున్నాయో వాళ్లకు తెలియదు! తడిబట్టలు ఆరేసి వెనక్కి తిరిగేలోపు ఆరిపోతున్నాయి. వస్తామన్న చుట్టాలు ఎండకు జడిసి మానుకుంటున్నారు. కుళాయి తిప్పితే వేడినీళ్లు! గీజర్ పీకేశాను. మనిషికి ఇంకేం కావాలండీ?

అన్నిటికీ మించిన లాభం, కమిటీలు. ఎండ ముదిరేకొద్దీ అవి పుట్టుకొస్తున్నాయి. ఒకదాంట్లో నేనూ సభ్యుణ్ణే!

మా వదిన రెడీమేడ్ చొక్కాల ఫ్యాక్టరీలో ఇస్త్రీ చేస్తుంది. రేకుల షెడ్డు, పన్నెండు మంది ఆడవాళ్లు, పన్నెండు ఇస్త్రీ పెట్టెలు. నలభై డిగ్రీలు దాటితే ఒంటిగంట నుంచి నాలుగింటిదాకా పని ఆపాలని రూలుంది. ఈ వేసవిలో ఒక్కరోజూ ఆపలేదు. మొన్న వదిన ఇస్త్రీ బల్ల దగ్గరే కళ్లు తిరిగి పడిపోయింది. "ఇంకోసారి ఇలా పడితే లేవవమ్మా" అని డాక్టరు తేల్చేశాడు.

మరి రూలేమైంది? ఏమీ కాలేదు, భద్రంగా ఉంది. థర్మామీటర్ మేనేజర్ గారి ఏసీ గదిలో ఉంది, అంతే.

"ఖరీదైన వస్తువు సార్! షెడ్డులో పెడితే దానికి వడదెబ్బ తగలదూ?" అన్నాడాయన.

ఎంత దయాహృదయం!

ఆ థర్మామీటర్ ఎప్పుడు చూసినా ఇరవై నాలుగే. ఆడవాళ్లు గొడవచేస్తే కమిటీ వేశారు, వేడికి బాధ్యులెవరో తేల్చమని. పత్రికల్లో రాస్తాను కదా, నన్నూ పిలిచారు. అదే గదిలో నాలుగు రోజులు చల్లగా శోధించాం. మేనేజర్ తప్పంతా ప్రభుత్వానిదన్నాడు. ప్రభుత్వం తరఫున వచ్చినాయన పెద్ద దేశాలదన్నాడు. పెద్ద దేశాలేమో చొక్కాలు కొనేవాళ్లదంటున్నాయట. కొనేవాళ్లకేమో మడత నలగని చొక్కానే కావాలి!

చివరికి దొంగ దొరికాడు. షెడ్డులో వేడి ఇస్త్రీ పెట్టెల్లోంచి వస్తోంది. అవి ఎవరి చేతుల్లో ఉన్నాయి? ఆ పన్నెండు మంది చేతుల్లో! కాబట్టి బాధ్యత వాళ్లదే. ఫ్యాక్టరీలో ఉష్ణోగ్రత మాత్రం థర్మామీటర్ చూసి ఇరవై నాలుగని రాశాం. నేనూ సంతకం పెట్టాను. ఏసీలో నిద్ర తన్నుకొస్తుంటే కాదనే ఓపిక ఎవరికుంటుంది?

షెడ్డుకెళ్లి రిపోర్టు నేనే చదివి వినిపించాను. వదిన నన్ను పైనుంచి కిందిదాకా చూసింది.

"అయితే మరిదిగారూ, ఫ్యాక్టరీ మొత్తానికీ ఇరవై నాలుగేనన్నమాట?"

"రాతపూర్వకంగా వదినా!"

"మరింకేం, ఆ ఇరవై నాలుగు ఉన్నచోటే పనిచేస్తాం. పదండే!"

బల్లలు మోసుకుంటూ అందరూ మేనేజర్ గదిలోకి దిగారు. ఆరు బల్లలు పట్టాయి. మిగతావాళ్లు ఆయన టేబుల్ మీదే దుప్పటి పరిచారు.

"ఇదేంటమ్మా, ఇది ఆఫీసు!"

"బాధ్యత మాదేనన్నారుగా సార్, మోస్తున్నాం. కాస్త కాళ్లు పక్కకి జరపండి, వైరు లాగాలి."

ఆవిరి లేచింది. ఏసీ మూలిగి మూలిగి ఊరుకుంది. ముప్పై... ముప్పై ఆరు... అరగంటలో నలభై ఒకటి! మేనేజర్ టై విప్పాడు. గుండీలు విప్పాడు. ఆఖరికి తలుపు తోసుకుని బయటికి ఉరికాడు.

"ఆపండి! ఇంత వేడిలో మనుషులన్నవాళ్లు పనిచేస్తారా?"

వదిన గోడగడియారం వైపు చూసింది. ఒంటిగంటా ఐదు.

"నాలుగింటికొస్తాం సార్" అని ఇస్త్రీ పెట్టె ఆపేసింది.

భూగోళాన్ని చల్లబరచడమెలాగని దేశదేశాల పెద్దలు ఏటా సమావేశమవుతున్నారు. కానివ్వండి, తొందరేముంది? ఆ హాలు అడ్రసు మాత్రం ఎవరైనా మా వదినకు పంపండి. ఇస్త్రీ పెట్టెలు ఆ పన్నెండు మందీ తామే తెచ్చుకుంటారు.