నాలుగో మనిషి

శుక్రవారం ఉదయం నయాగరా వంతెన మీదుగా కెనడా నుంచి అమెరికా వైపు దాటి వెంటనే వెనక్కి రావాలన్నది సాయి కిరణ్ పథకం. చదువు పూర్తయింది. వాన్ అనే ఊళ్ళో ఒక గోదాము ఆఫీసులో ఉద్యోగం వచ్చింది. సోమవారం వర్క్ పర్మిట్ చూపిస్తేనే చేర్చుకుంటామన్నారు. ఆన్‌లైన్‌లో అప్లై చేస్తే నెలలు పడుతుంది. వంతెన దాటి, అమెరికావాళ్ళు రానివ్వలేదన్న కాగితంతో తిరిగొస్తే, కెనడా కౌంటర్‌లో అప్పటికప్పుడే ఇస్తారు. ఈ దారి మూసేస్తారని వారం రోజులుగా వార్తలు వస్తున్నాయి.

కారు కోదండరామ్ గారిది. మిల్టన్‌లో ఆయన ఇంటి బేస్‌మెంట్‌లోనే సాయి కిరణ్ అద్దెకుంటున్నాడు. బయలుదేరుతుండగా ఆయన భార్య ఝాన్సీలక్ష్మి పులిహోర డబ్బాతో వచ్చి వెనక సీట్లో కూర్చున్నారు.

"నేనూ వస్తా. ఎలాగూ అంత దూరం వెళ్తున్నారు, ఫాల్స్ చూసొద్దాం."

కోదండరామ్ ఇంజన్ ఆపారు. "ముగ్గురమవుతాం కదే! పనిమీద ముగ్గురు వెళ్తే పనవుతుందా?"

"అవన్నీ నేను నమ్మను అంకుల్, పోదాం పదండి," అన్నాడు సాయి కిరణ్.

"నమ్మకపోయినా పర్మిట్ నీదే. ఉండు, ఒక రాయి జేబులో వేసుకుంటే నలుగురి లెక్క."

"బోర్డర్‌లో జేబులు వెతుకుతారు. రాయెందుకంటే ఏం చెప్తారు?" అన్నారు ఝాన్సీలక్ష్మి.

ఇద్దరూ లోపలికి వెళ్ళారు. నైట్ షిఫ్ట్ చేసొచ్చి బేస్‌మెంట్‌లో నిద్రపోతున్న సాయి కిరణ్ రూమ్మేట్ తనీష్‌ని లేపారు.

"ఎక్కడికి ఆంటీ?"

"ఫాల్స్‌కి నాన్నా. పులిహోర కూడా ఉంది."

తనీష్ లేచాడు. స్నానం చేశాడు. జుట్టు ఆరబెట్టుకున్నాడు. తువ్వాలు తీసుకుని కారెక్కాడు.

వంతెన అవతల అమెరికా అధికారి నాలుగు పాస్‌పోర్టులు అడిగాడు. మూడు వచ్చాయి. తనీష్ లైబ్రరీ కార్డు ఇచ్చాడు.

"అన్నా, మనం అమెరికా పోతున్నమా?" అని సాయి కిరణ్‌ని అడిగాడు.

"పోనీకి కాదురా. వద్దనిపించుకోనీకి."

అధికారులు నలుగురినీ వేరువేరుగా కూర్చోబెట్టి, తనీష్‌ని ఎందుకు తెచ్చారని అడిగారు. నలుగురు కావాలి కాబట్టి అన్నారు కోదండరామ్. ఫాల్స్ చూడటానికి అన్నారు ఝాన్సీలక్ష్మి. తనకు తెలియదన్నాడు సాయి కిరణ్. పులిహోర కోసం అన్నాడు తనీష్. నాలుగూ నిజాలే. ఏ రెండూ కలవలేదు. డబ్బా తెరిచారు. ఇంగువ వాసనకు తనిఖీ కుక్క తుమ్మింది. ఇంకో కుక్కను తెచ్చారు.

రానివ్వలేదన్న కాగితమిచ్చి వెనక్కి పంపేసరికి మధ్యాహ్నం దాటింది. కెనడా కౌంటర్‌లో అధికారి సాయి కిరణ్ కాగితాలు చూసి తిరిగిచ్చేశాడు.

"చదువు అయినవాళ్ళకి పర్మిట్లు ఇక్కడ ఇవ్వడం ఆపేశాం. అరగంట క్రితమే ఆర్డర్ వచ్చింది. ఆన్‌లైన్‌లో అప్లై చేయండి."

కోదండరామ్ భార్య వైపు తిరిగారు. "చూశావా? ముగ్గురు వెళ్తే పనవదని చెప్పానా లేదా?"

"వచ్చింది నలుగురం కదండీ!"

అధికారి తనీష్‌ని పిలిచాడు. పాస్‌పోర్టు లేదు కాబట్టి పేరు, పుట్టిన తేదీ అడిగి కంప్యూటర్‌లో వెతికాడు. చాలాసేపు చూశాడు. ఇంకో అధికారిని పిలిచి చూపించాడు.

"అన్నా, డిపోర్ట్ చేస్తరా?"

"నోరు మూసుకొని నిలబడు."

"పిల్లాడు అమాయకుడు సార్," అన్నారు ఝాన్సీలక్ష్మి తెలుగులో. "మేమే నిద్ర లేపి తీసుకొచ్చాం."

అధికారి తల ఎత్తాడు. "శీతాకాలంలో వర్క్ పర్మిట్‌కి అప్లై చేశావా?"

"చేశాను సార్. ఇంకా రాలేదు."

"వచ్చింది. బ్రాంప్టన్ అడ్రస్‌కి పంపితే తిరిగొచ్చింది."

బ్రాంప్టన్ తర్వాత తనీష్ రెండు బేస్‌మెంట్లు మారాడు. అడ్రస్ మార్చలేదు. అధికారి అక్కడే కొత్త కాపీ ప్రింట్ తీసి చేతిలో పెట్టాడు.

ఫాల్స్ దగ్గర ఆగారు. ఝాన్సీలక్ష్మి ఒక్కరే చూశారు. తనీష్ పర్మిట్‌ని తువ్వాల్లో చుట్టి పట్టుకున్నాడు.

"అన్నా, ఒకటి అడగాలె. తిట్టొద్దు."

"అడుగు."

"వాన్‌ల ఆ జాబ్ ఉంది కదా. సోమవారం వాళ్ళకి మనిషి కావాలె కదా."

 సాయి కిరణ్ ఫోన్ తీసి మేనేజర్ నంబర్ తనీష్‌కి పంపాడు.

సోమవారం తనీష్ చేరాడు. అంతకుముందు మేనేజర్, కెనడాలో తెలిసినవాళ్ళు ఒకరు రెఫరెన్స్ ఇవ్వాలన్నాడు. సాయి కిరణ్ ఇచ్చాడు.