మా బావ తలకు రెండో కోటు

యాభై దాటిన మగవాడి జుట్టు అతని సొంతం కాదు. అది పార్కులో బెంచీలాంటిది. దారిన పోయేవాడెవడైనా ఆగి బాగాలేదనవచ్చు, రంగు మార్చమనవచ్చు. ఇది అన్యాయమని ఏడ్చేవాళ్ళున్నారు. నేను మాత్రం అదృష్టమంటాను. అవును, ముమ్మాటికీ అదృష్టమే!

మీరే ఆలోచించండి. మన మోకాళ్ళు అరిగిపోతున్నాయి, ఎవరైనా పట్టించుకున్నారా? రాత్రిళ్ళు నిద్ర పట్టడం లేదు, ఒక్కడైనా ఎందుకని అడిగాడా? అదే నెత్తి మీద నాలుగు తెల్లవెంట్రుకలు కనపడనివ్వండి, లోకమంతా మన బాగు కోరి పరిగెత్తుకొస్తుంది. లిఫ్టులో ముక్కూమొహం తెలియని మనిషి "బ్రౌన్ ట్రై చేయండి సార్, మీకు సూటవుతుంది" అంటాడు. పళ్ళ డాక్టరు మన నోట్లో దూది కుక్కి, మనం జవాబు చెప్పలేని సమయం చూసి, చెవుల దగ్గర కాస్త తగ్గించుకోమంటాడు. ఇక ఫోను సంగతి చెప్పనే అక్కర్లేదు. ఒక్క ఫొటో ఇస్తే చాలు, మన మొహానికి రకరకాల జుట్లు తగిలించి చూపిస్తుంది. వాటిలో ఒకదానిలో నేను అచ్చం మా పెద్దమ్మలా ఉన్నాను.

అయినా ఎంత ఆప్యాయత! కన్నతల్లి కూడా నా నెత్తి మీద ఇంత శ్రద్ధ పెట్టలేదండీ. చేతికి దొరికిన దువ్వెనతో రెండు లాగులు లాగి వదిలేసేది.

నమ్మకపోతే మా బావ సంగతి వినండి.

మా బావ, అంటే మా అక్క మొగుడు, రంగుల షాపులో పనిచేస్తాడు. గోడలకు వేసే రంగులు. మీసాలైనా రాకముందు డబ్బాల మీద దుమ్ము తుడవడానికి చేరి, ముందు కౌంటరు దాకా ఎదిగాడు. ఆ కౌంటరు వెనక ఎత్తు స్టూలు ఒకటుంది. అదే ఆయన సింహాసనం. దాని మీద కూర్చుని వచ్చినవాళ్ళ గోడల కష్టసుఖాలు వింటాడు. "తేమ పట్టిన గోడకి ఇప్పుడు రంగెందుకమ్మా? ముందు ఆ పైపు బాగు చేయించుకుని రండి" అని వచ్చిన బేరాన్ని వెనక్కి పంపే రకం. అలా వెనక్కి వెళ్ళినవాళ్ళే పైపు బాగయ్యాక ఇల్లంతటికీ ఆయన దగ్గరే కొనేవారు. పేరుతో ఎవరికీ పనిలేదు. "ఆ తెల్లజుట్టాయన ఉన్నారా?" అని అడుగుతూ వచ్చేవారు.

ఇంతలో పెద్ద ఓనరు ఆరోగ్యం బాగాలేక ఇంటిపట్టున ఉండిపోయాడు. ఆయన కొడుకు, చిన్న ఓనరు, రంగంలోకి దిగాడు. ముప్ఫై నిండని కుర్రాడు. వస్తూనే షాపుకి గాజు తలుపులు పెట్టించాడు. గోడలకి అద్దాలు తగిలించాడు. మార్చడానికి ఇంకేమైనా మిగిలిందా అని చుట్టూ చూస్తే మా బావ తల కనపడింది.

"అంకుల్, తప్పుగా అనుకోకండి. ఫ్రంట్‌లో కాస్త ఫ్రెష్ లుక్ ఉండాలి. కలర్స్ అమ్మే షాపు కదా, కౌంటర్‌లో మనిషికే కలర్ లేకపోతే ఎలా? ఏదో ఒకటి చేసుకోండి. లేదంటారా, వెనక గోడౌన్‌లో హాయిగా కూర్చోవచ్చు. ఫ్యాన్ కూడా ఉంది."

ఫ్యాన్ కూడా ఉందట! చూశారా దయ?

గోడౌన్ అంటే ఏమిటో మా బావకి తెలుసు. కిటికీ ఉండదు. థిన్నరు వాసనకి కళ్ళు మండుతాయి. పలకరిద్దామంటే డబ్బాలు తప్ప నరమానవుడు ఉండడు. ఆ స్టూలు పోయిందంటే ఆయనకి మిగిలేది జీతమొక్కటే. అందుకే ఆ సాయంత్రం హెయిర్ కలర్ ప్యాకెట్టు పట్టుకుని ఇంటికొచ్చాడు.

సరిగ్గా ఇక్కడే ఆయన అనుభవం ఆయన కొంప ముంచింది.

గోడ రంగు తడిగా ఉన్నప్పుడు పలచగా కనపడుతుంది, ఆరాక ఒక షేడు ముదురుతుంది. ఆ సంగతి మా బావ రక్తంలో ఇంకిపోయింది. అందుకని నలుపు కావలసిన మనిషి నలుపు కొనలేదు. ఒక షేడు తగ్గించి గోధుమరంగు కొన్నాడు. "ఆరితే అదే నల్లబడుతుందిలేవే" అన్నాడు మా అక్కతో. ప్యాకెట్టులో వచ్చిన బుల్లి బ్రష్షు అవతల పడేసి, గోడలకి వాడే రెండంగుళాల బ్రష్షు తీశాడు. కింద నుంచి పైకి, పై నుంచి కిందికి, గీత పడకుండా నున్నగా కొట్టాడు. ఎంతసేపు ఉంచాలో ప్యాకెట్టు మీద రాసుంది. "ఆరడం గురించి మనకి వీళ్ళు చెప్పేదేంటి?" అని అది చదవనే లేదు. ఫ్యాను కింద కూర్చుని, వేలు పెట్టి చూసి, వేలికి అంటుకోకపోయేసరికి పని అయిపోయిందని కడిగేసుకుని పడుకున్నాడు.

తెల్లారి వెలుతురులో మా అక్క చూసింది.

"ఏవండీ! తలకి గేట్లకి వేసే ఎర్ర ప్రైమర్ కొట్టారేంటి?"

"ప్రైమరే అనుకోవే. దీని మీద రెండో కోటు పడాలి."

"పడితే పడింది గానీ, ముందు ఆ చెవులు తుడుచుకోండి. వాటికీ కొట్టేశారు!"

వెంటనే నాకు ఫోను. "ఒరేయ్ తమ్ముడూ, మీ బావ తల తుప్పు పట్టిందిరా! వచ్చి తీసుకుపో!" నవ్వు ఆగక ఫోను కింద పడేసినట్టుంది, ఆ చప్పుడు కూడా వినపడింది.

వెళ్ళి చూశాను. తుప్పేమిటండీ, సాక్షాత్తూ సూర్యోదయం! తలకి తువ్వాలు చుట్టి బావని సెలూన్‌కి తీసుకెళ్ళాను. అక్కడి స్టైలిస్టు తువ్వాలు విప్పి రెండడుగులు వెనక్కి వేశాడు.

"ఎవరు చేశారు సర్ ఇది?"

"పెయింటరు" అన్నాను.

"సర్‌ది రౌండ్ ఫేస్. సైడ్స్ ఫేడ్ చేసి, డీప్ బ్లాక్ వేసి, టాప్‌లో వాల్యూమ్ ఇద్దాం."

"వాల్యూమ్ అంటే ఏంట్రా?" అన్నాడు బావ నా చెవిలో.

"ఉన్న నాలుగింటినీ నిద్రలేపి నిలబెట్టడం బావా."

నిలబెట్టాడు. వెనక నుంచి చూస్తే పాతికేళ్ళ కుర్రాడు. ముందు నుంచి చూస్తే పాతికేళ్ళ కుర్రాడి జుట్టు అడిగి తెచ్చుకున్న పెద్దమనిషి. ఇంటికెళితే మా అక్క తలుపు తీసి "ఎవరు కావాలి బాబూ?" అంది. ఆ ముచ్చట ఇప్పటికీ చెప్పుకుని నవ్వుతుంది.

ఆ తర్వాత చూడండి లాభాలు! బస్సులో పెద్దవాళ్ళ సీట్లో కూర్చుంటే ఒకావిడ "సిగ్గులేదూ, వయసులో ఉండి!" అని లేపింది. వయసులో ఉన్నావని మిమ్మల్ని ఎవరైనా తిట్టి ఎన్నాళ్ళయింది? షాపులో చిన్న ఓనరు చప్పట్లు కొట్టి, "అదిరింది అంకుల్! సారీ, బ్రో!" అన్నాడు. బావ స్టూలెక్కి కూర్చున్నాడు. గండం గడిచింది.

గడిచిందనుకున్నాం. మధ్యాహ్నం ఒక పెద్దావిడ వచ్చింది.

"ఆ తెల్లజుట్టాయన లేరా బాబూ?"

"నేనేనమ్మా."

"వేళాకోళాలొద్దు. ఆయన చెప్పారని పైపు బాగు చేయించాను. ఇప్పుడు ఇల్లంతటికీ రంగులు కొనాలి."

"నేనేనమ్మా, వంటింటి గోడ కదూ? సింకు వెనకాల?"

ఆవిడ మొహం వెలిగింది. "ఓహో, నువ్వు వాళ్ళబ్బాయివా! మీ నాన్నగారు ఇంట్లో అన్నీ చెబుతారన్నమాట. ఆయన్నే రానీ. ఆయన చెబితేగానీ కొనను."

ఇల్లంత బేరం గాజు తలుపు తోసుకుని వెళ్ళిపోవడం చిన్న ఓనరు కళ్ళారా చూశాడు. కుర్రాడైనా తెలివైనవాడు. ఆ సాయంత్రమే సెలూన్‌కి వెళ్ళాడు, అదే సెలూన్‌కి. మర్నాడు వెండిలా మెరిసే తలతో దిగాడు. ముక్కు మీద అవసరం లేని కళ్ళజోడు ఒకటి.

"ట్రస్ట్ లుక్ అంకుల్! కస్టమర్‌కి నమ్మకం ముఖ్యం. మీరెలాగూ యంగ్‌గా ఉన్నారు కాబట్టి, బకెట్లు ఎత్తడానికి గోడౌన్‌లో మీరే కరెక్ట్."

అని స్టూలెక్కాడు.

రెండ్రోజులకి పెద్దావిడ మళ్ళీ వచ్చింది. స్టూలు వంక పరీక్షగా చూసి, "మీరు ఆయన తాలూకానా?" అంది.

"మా అన్నయ్యండీ. రిటైరయ్యారు" అన్నాడు చిన్న ఓనరు, కళ్ళజోడు సర్దుకుంటూ.

"అదీ సంగతి! పోలిక తెలుస్తూనే ఉంది" అని ఇల్లంతటికీ కొనేసింది. ఆ వెండితల కుర్రాడు ఏ డబ్బా చూపిస్తే ఆ డబ్బా!

బకెట్లు కారు దాకా మోసింది మా బావే. చివరి బకెట్టు డిక్కీలో పెడుతుంటే పెద్దావిడ జాలిగా చూసి, "నెమ్మది బాబూ, నడుం పట్టేస్తుంది. ఆ పెద్దాయన దగ్గర నాలుగు ముక్కలు నేర్చుకో. వయసులో ఉన్నావు, పైకొస్తావు" అంది.

"అలాగేనమ్మా" అన్నాడు మా బావ. ఇంకేమంటాడు?

ఆ సాయంత్రం ఆయనే సెలూన్‌కి వెళ్ళి, తన తెలుపు తనకి ఇచ్చేయమన్నాడు. "సిల్వర్ మా దగ్గర ప్రీమియం సర్. మీ రేంజ్‌కి బ్లాకే బెటర్" అన్నాడట స్టైలిస్టు, చాలా మర్యాదగా.

కాబట్టి పాఠక మహాశయులారా, ఈ వయసులో ఏ షేడు బాగుంటుందని నన్నడక్కండి. స్టూలు మీద ఉన్నవాడికి ఏ షేడైనా బాగుంటుంది. మీరు మాత్రం ఎవరు ఏ రంగు చెబితే ఆ రంగు వేసుకోండి. అంతా మన మంచికే!

మొన్న గోడౌన్‌కి వెళ్ళాను. నిజం ఒప్పుకోవాలి, ఫ్యాన్ ఉంది. మాట వినపడనంత చప్పుడు కూడా చేస్తుంది. బావ డబ్బా మూత ఒకటి తళతళలాడేలా తుడిచి, అద్దంలా పట్టుకుని పాపిడి చూసుకుంటున్నాడు. నల్లటి జుట్టు మొదట్లో, సన్నగా, దారంలాగా తెలుపు.

"వస్తోందిరా!" అన్నాడు నా చెవి దగ్గరికొచ్చి, పరీక్ష పాసైన పిల్లాడిలా. "ఈసారి ఎవడేం చెప్పినా దీన్ని ముట్టుకోనివ్వను."

నేను తలూపేలోపు ముందు నుంచి కేక వినపడింది.

"అంకుల్! వైట్ రెండు బకెట్లు, కౌంటర్ దగ్గరికి!"

బావ మూత కింద పెట్టి, చేతికొకటి ఎత్తుకుని బయల్దేరాడు.