ఎల్లారెడ్డి మేళాకు నా బొటనవేలు

పింఛన్ లేకపోయినా మనిషి ఎలాగో బతుకుతాడు. లోగో లేకపోతే ప్రభుత్వ మేళా ఒక్క పూట కూడా బతకదు! ఊరికే అనడం లేదు. ఎల్లారెడ్డిలో మొన్న జరిగిన పింఛన్ మేళాకు లోగో కమిటీ సభ్యుడిగా పనిచేసిన అనుభవంతో అంటున్నాను. పత్రికలో కాలమ్ రాస్తాను కాబట్టి నన్ను కళాకారుల కోటాలో వేశారు.

మేళా దేనికంటారా? బీడీలు చుట్టే ఆడవాళ్లలో కొందరికి పింఛన్ ఆగిపోయింది. మిషన్ మీద వేలు పెడితే ముద్ర పడటం లేదు. వాళ్లందరినీ ఒకచోటికి పిలిచి, మళ్లీ వేలు పెట్టించి, పింఛన్ తిరిగి ఇప్పించాలి. మిషన్లు ఎన్ని తేవాలి, మళ్లీ పడకపోతే ఏం చేయాలి అని తల బద్దలు కొట్టుకోవడానికి ఇదేమంత పెద్ద పని? కమిటీ ముందుగా లోగో సంగతి చూసింది.

కామారెడ్డిలో సమావేశాల మీద సమావేశాలు జరిగాయి. మొదట బీడీ బొమ్మ అనుకున్నాం. పొగాకును ప్రభుత్వం ప్రోత్సహించరాదని కొట్టేశాం. బీడీ చుట్టే తునికాకు పెట్టాం. తమలపాకులా ఉంది, జనం పెళ్లి పత్రిక అనుకుంటారన్నారు. బీడీలు చుట్టేటప్పుడు ఒళ్లో పెట్టుకునే చాట పెట్టాం. దానికో చీపురు కలిపితే తమ పారిశుధ్య వారోత్సవానికి సరిపోతుందని పక్క శాఖవాళ్లు అడిగారు. మేం ఇవ్వలేదు.

రంగుల దగ్గర నిజంగానే చెమటలు పట్టాయి. గులాబీ పెడితే ఒకరికి కోపం, కాషాయం పెడితే ఇంకొకరికి. మూడు రంగులు ఒకచోట కనిపిస్తే మరొకరికి. చివరికి ఎవరికీ అక్కరలేని బూడిద రంగు మిగిలింది.

అప్పుడు కమిటీ అధ్యక్షురాలు పద్మప్రియ మేడంకు మెరుపులాంటి ఆలోచన వచ్చింది. వేలిముద్రే లోగో! అందరం చప్పట్లు కొట్టాం. కింద "మీ వేలే మీ భరోసా" అనే నినాదం నా సొంతం. అయితే ముద్ర మాత్రం అసలైన లబ్ధిదారుదే కావాలని మేడం పట్టుబట్టారు. జీపు మాట్లాడుకుని ఎల్లారెడ్డిలో భూదవ్వ ఇంటికి వెళ్లాం.

భూదవ్వ ఊహ తెలిసినప్పటి నుంచీ బీడీలు చుడుతోంది. పోయిన ఎండాకాలం పింఛన్ ఆగింది. అప్పటి నుంచి బీపీ గోలీలు రోజు విడిచి రోజు వేసుకుంటోంది. మమ్మల్ని చూసి పింఛనే ఇంటికి వచ్చిందనుకుంది పాపం. ఒళ్లో చాట పక్కన పెట్టి, కొంగుకు చేయి తుడుచుకుని, చెప్పినట్టే సిరా అద్ది తెల్ల కాగితం మీద బొటనవేలు నొక్కింది.

నల్లటి మరక పడింది. గట్టిగా నొక్కమన్నాం. ఇంకా పెద్ద మరక పడింది.

డిజైనర్ మహిపాల్ కాగితాన్ని వెలుతురుకు పట్టి చూశాడు. "అవ్వా, గీతలు ఒక్కటి గూడ వస్తలేవు."

"ఏడికెళ్లి వస్తయి బిడ్డా? ఆకు మడిచి మడిచి అరిగిపాయె. గా మిషన్ గూడ గిదే అంటున్నది" అంది భూదవ్వ.

పక్కింటి శాంతవ్వను పిలిచాం. అదే తీరు. ఆ వాడకట్టు మొత్తంలో ఒక్క వేలూ డిజైన్‌కు పనికిరాలేదు.

మీలాంటివాళ్లయితే అక్కడే ఆగి ఏదో ఆలోచించేవారు. కమిటీ అలా పక్కదారి పట్టలేదు. క్వాలిటీ ఉన్న వేలు కావాలన్నారు మేడం. అందరి కళ్లూ నా మీద పడ్డాయి. పెన్ను, టీ కప్పు తప్ప ఇంకేదీ మోయని వేలు నాది. ఒక్క నొక్కుకే సుడులన్నీ తేటగా వచ్చాయి. మహిపాల్ మురిసిపోయాడు.

మేళా రోజు చూడాలి మరి! స్వాగత ద్వారం మీద నా వేలు. టోపీల మీద, నీళ్ల సీసాల మీద, పులిహోర పొట్లాల మీద నా వేలు. వేదిక వెనక ఫ్లెక్సీలో నా గీతలు దున్నిన చెలకలా కనిపించాయి. కమిటీకి శాలువాలు కప్పారు. వాటి మీదా నా వేలే.

మిషన్ మాత్రం ఒక్కటే వచ్చింది, పాతదే. భూదవ్వ వేలు పెట్టింది. పడలేదు. తడిగుడ్డతో తుడిచి పెట్టింది. పడలేదు. మిగతా వేళ్లూ అయ్యాయి.

"పడ్తలేదని దరఖాస్తు పెట్టుకో అవ్వా. కింద ఏలిముద్ర వెయ్యి" అన్నాడు ఆపరేటర్.

ఆమె నేరుగా నా దగ్గరికి వచ్చింది. "సారూ, గా బొమ్మల ఏలు నీదేనటగద?"

గర్వంగా ఒప్పుకున్నాను.

"జర అచ్చి మిషన్ల పెట్టరాదా? నా పని అయితది."

ఒకరి పింఛన్‌కు ఇంకొకరు వేలు పెట్టడం నేరమని ఓపిగ్గా వివరించాను. ఆమె నా చేయి పట్టుకుని, వెలుతురుకు తిప్పి, బొటనవేలిని తన వేలితో ఒకసారి తడిమింది.

"మంచిగున్నది సారూ. పని చెయ్యని ఏలు గిట్లనే ఉంటది" అని చేయి వదిలేసి, ఇంటికి, చాట దగ్గరికి వెళ్లిపోయింది.

అప్పుడు సిగ్గేసిన మాట నిజమే. శాలువా తీసి మడిచి సంచిలో పెట్టుకున్నాను. ఈ మేళా కోసం కమిటీ అంతా అన్ని నెలలు కష్టపడ్డామా, ఒక్కరి వేలూ అరగలేదు. నమ్మకపోతే ఆ పాత మిషన్ తెప్పించి చూడండి. మా అందరివీ మొదటిసారికే పడతాయి.