మంత్రిగారి హయాంలో విరగని కడ్డీ

"మా హయాంలో ఏదీ విరగదు" అని విద్యామంత్రిగారు యూనివర్సిటీ మెకానికల్ ల్యాబులో నిలబడి ప్రకటించినప్పుడు, పత్రిక తరఫున నేను పక్కనే ఉన్నాను. ఒళ్లు పులకరించింది. ఎంతమంది మంత్రుల్ని చూశాం! ఇనుముకు అభయమిచ్చినవారు మాత్రం వీరొక్కరే.

సంగతి మొదటినుంచీ చెప్తాను. ఆ ల్యాబులో రీసెర్చి చేస్తున్నది మా అక్కే. ఉక్కు కడ్డీని మిషనుకు బిగించి, కొసకు బరువు వేలాడదీసి, గిరగిరా తిప్పుతుంది. తిరిగి తిరిగి అది ఎప్పుడో ఒకప్పుడు పుటుక్కుమంటుంది. ఎన్ని చుట్లకు విరిగిందో చూసి, ఆ ఉక్కుతో చేసిన వస్తువు ఎంతకాలం మన్నుతుందో లెక్క కడుతుంది. అంటే విరిగితేనే ఆవిడకు చదువు. పిల్లలిద్దర్నీ అమ్మ మీద వదిలి ఇన్నేళ్లుగా అదే పని. ఇక మిగిలింది ఆఖరి కడ్డీ. ఈ టర్ములో అది విరక్కపోతే పీహెచ్‌డీ రిజిస్ట్రేషన్ రద్దు, చేసిన చాకిరీ అంతా బూడిదలో పోసిన పన్నీరు.

ఆ ఆఖరి కడ్డీ మంత్రిగారి బావమరిది ఫ్యాక్టరీలో తయారైంది. అందుకే మంత్రిగారు స్వయంగా చూడ్డానికి వచ్చారు.

"ఇదేం చేస్తోందమ్మా?"

"తిరుగుతోంది సార్. విరిగేదాకా తిరుగుతుంది."

"విరగడమేంటి?"

"ఎంత గట్టి లోహమైనా అలిసిపోతుంది సార్."

"ఇన్ని ఎలక్షన్లు తిరిగాను, నేనే అలిసిపోలేదు. ఇనుముకేం రోగం?"

అక్క గైడు ప్రొఫెసరుగారు "అద్భుతమైన పరిశీలన సార్" అంటూ, కాగితం దొరక్క ఆ మాటను అరచేతిలో రాసుకున్నారు. ఆ ఊపులోనే మంత్రిగారి చారిత్రక ప్రకటన వెలువడింది.

మర్నాటికల్లా కడ్డీకి కాపలాగా ల్యాబు గుమ్మంలో ఇద్దరు పోలీసులు. ఎందుకైనా మంచిదని ప్రొఫెసరుగారు కడ్డీకి వేలాడుతున్న బరువు తీయించేశారు.

"బరువు లేకపోతే ప్రళయం దాకా తిరుగుతుంది సార్, విరగదు" అంది అక్క.

"మనక్కావాల్సింది అదేగా!"

"మరి నా పీహెచ్‌డీ?"

"చూడమ్మా, నీకు పట్టా ముఖ్యమా, ప్రభుత్వ ప్రతిష్ఠ ముఖ్యమా?"

"పట్టా సార్."

ఇంత స్వార్థం నేనెక్కడా చూడలేదు. తోడబుట్టింది కాబట్టి ఊరుకున్నాను.

మా పత్రిక మొదటి పేజీలో రోజూ ఒక బాక్సు వేసింది: "నేడూ విరగలేదు." బడిపిల్లల్ని బస్సుల్లో తెచ్చి చూపించారు. కార్యకర్తలు కడ్డీతో సెల్ఫీలు దిగారు. ఆ తిరగడంలో ఒక హుందాతనం ఉందని నేనే వ్యాసం రాశాను. కడ్డీ లోపల బోలుగా ఉందని ప్రతిపక్షం ఆరోపించింది. ఏడ్చేవాళ్లను ఎవరు ఆపగలరు?

ఒకరోజు పోలీసులు భోజనానికి వెళ్లారు. అక్క గబగబా బరువు తగిలించింది. వాళ్లు చేతులు కడుక్కుని వచ్చేలోగా కడ్డీ పుటుక్కుమంది! అక్క మొహం అంతలా వెలిగిపోవడం ఆవిడ పెళ్లిలో కూడా చూళ్లేదు. కానీ బరువు తగిలించాక తిరిగిన చుట్ల లెక్క మిషను మీద చూడగానే ఆ వెలుగు కాస్తా ఆరిపోయింది. "ఇంత తొందరగానా!" అని గొణుక్కుంది.

ప్రొఫెసరుగారు మంత్రిగారి ఆఫీసుకు ఫోన్ కొట్టారు. మంత్రిగారి పీఏ రొప్పుకుంటూ వచ్చి, ముక్కలు రెండూ చేతుల్లోకి తీసుకుని కాసేపు చూశాడు. మేధావి అంటే ఆయనే.

"ఇంతకుముందు ఎన్నుండేవి?"

"ఒకటండీ" అన్నారు ప్రొఫెసరుగారు.

"ఇప్పుడు?"

"రెండు."

"రెట్టింపైతే విరిగిందంటారేంటయ్యా!"

సాయంత్రం ప్రెస్‌మీట్. కడ్డీ రెట్టింపైందనీ, అదే ఉక్కుతో నది మీద పెద్ద వంతెన కట్టబోతున్నామనీ మంత్రిగారు ప్రకటించారు. బావమరిది వేదిక మీదే కళ్లు తుడుచుకున్నాడు. థీసిస్‌లో "విరిగింది" అన్న చోటల్లా "రెట్టింపైంది" అని మార్చమని ప్రొఫెసరుగారు అక్కకు చెప్పారు. మారిస్తే పట్టా, లేకపోతే ఇంటికి.

"ఏముందే, ఒక్క మాటేగా, మార్చెయ్" అన్నాను.

"సిగ్గులేదుట్రా నీకు? జనం నడిచే వంతెనరా అది!" అని విరుచుకుపడింది. అక్కడితో ఆగక, నన్ను చెయ్యి పట్టుకు లాక్కుంటూ నేరుగా మంత్రిగారి ఛాంబరుకే వెళ్లింది.

"సార్, ఆ ఉక్కుతో వంతెన కట్టొద్దు. కూలిపోతుంది."

పీఏ కయ్యిమని లేచాడు. మంత్రిగారు చెయ్యెత్తి ఆపి, తలుపు వేయించారు. కుర్చీ ముందుకు జరుపుకున్నారు. పరిశోధన అంటే ఆయనకున్న మక్కువ నాకు అప్పుడే అర్థమైంది.

"ఎప్పుడు కూలుతుందమ్మా?"

"లారీల రాకపోకల్ని బట్టి లెక్కేశాను సార్, మొదట..."

"లెక్కలొద్దు. ఎలక్షన్ల ముందా, తర్వాతా?"

అక్క తడుముకోలేదు. "ముందే సార్."

మంత్రిగారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. పెట్టుకుని, మళ్లీ తీసి తుడుచుకున్నారు. అప్పుడు వైస్ ఛాన్సలర్‌కు ఫోన్ చేశారు.

"ఈ అమ్మాయి చాలా తెలివైందండీ. రాసింది రాసినట్టే ఉంచి పట్టా ఇచ్చేయండి. థీసిస్ మాత్రం బీరువాలో పెట్టి, తాళంచెవి నాకు పంపండి."

బయటికి రాగానే అక్క మెట్లమీద కూర్చుని బావురుమంది. "నమ్మార్రా! నా లెక్క నమ్మారు! ఇక కట్టర్రా!" అంటూ ఏడుపులోనే నవ్వింది. నాకూ కళ్లు చెమర్చాయి.

రెండోరోజు మంత్రిగారి ప్రకటన వెలువడింది. వంతెన పనులు వెంటనే మొదలవుతాయి. రాజకీయాలకు అతీతంగా దానికి ప్రతిపక్ష నాయకుడి పేరు పెడతారు. ప్రారంభోత్సవం ఆయన చేతుల మీదుగానే జరగాలి, మొదటి కారు కూడా ఆయనే నడపాలి. ఇంత విశాల హృదయం న భూతో న భవిష్యతి అని మొదటి పేజీలో రాసి పడేశాను.

అక్క ఆ పేపరు చేత్తో పట్టుకుని ప్రతిపక్ష నాయకుడి ఇంటికి పరిగెత్తింది. వార్త దొరుకుతుందేమోనని నేనూ వెనకే వెళ్లాను. ఆవిడ కడ్డీ దగ్గర్నుంచి ఎలక్షన్ల దాకా పూసగుచ్చినట్టు చెప్తుంటే, ఆయన కళ్లు మూసుకుని అంతా విన్నాడు.

"అంతా బాగానే ఉంది గానీ తల్లీ, నా పేరు ఎంత పెద్ద అక్షరాల్లో వేస్తారట?" అన్నాడు.