మీసం ఒత్తిన ముద్ద

పిండికి ఆడ, మగ తేడా లేకపోవడం వల్లనే మన సీమ ఇంతకాలం వెనకబడి ఉండిపోయిందని చిరుధాన్యాల ప్రోత్సాహక మండలి చైర్మన్ మునిచంద్ర గారు మదనపల్లె కల్యాణ మండపంలో ప్రకటించారు. ముందు వరుసవాళ్లు చప్పట్లు కొట్టారు. ముందు వరుసవాళ్లు కొట్టారని వెనక వరుసవాళ్లు కొట్టారు.

"సబ్బుకు తేడా ఉండాది. సెంటుకు ఉండాది. ఆఖరికి పండ్లు తోముకునే బ్రష్షుకూ ఉండాది. మనం దినామూ తినే సంగటికి యాల లేదు? అమ్మకొక పిండి, అబ్బకొక పిండి! ఇదీ మా మండలి విజన్!"

ఇంత పెద్ద ఆలోచన ఆయనకు ఊరికే రాలేదు. ఎండల్లో జెండాలు మోసి, వానల్లో ఫ్లెక్సీలు కట్టి, గొంతు బొంగురుపోయేలా జిందాబాదులు కొట్టి సంపాదించుకున్న పదవి అది. దాంతోపాటు పుంగనూరులో ఒక గది, ఒక తిరిగే కుర్చీ, ముందర 'చైర్మన్' అని ఎర్రబోర్డు తగిలించిన తెల్లకారు వచ్చాయి. గది, కుర్చీ ఎట్లాపోయినా ఫరవాలేదు గానీ కారంటే ఆయనకు ప్రాణం. టీ అంగడికి కూడా అందులోనే పోయేవారు. అంగడి ఆయన ఇంటికి ఎదురుగానే ఉంది. అందువల్ల కారు ఊరంతా ఒక చుట్టు తిరిగి వచ్చి అక్కడ ఆగేది.

ఆ పదవి గడువు ఉగాదితో తీరిపోతుంది. పొడిగించాలంటే మంత్రిగారి దయ కావాలి. మంత్రిగారు కుప్పంలో చిరుధాన్యాల మేళాకు వస్తున్నారు. ఆ లోపల ఏదో ఒకటి సాధించి చూపించాలి. అప్పటిదాకా మండలి సాధించిందల్లా మండలి బోర్డు రాయించుకోవడమే.

అందుకని బెంగళూరు నుంచి ఉదయ్ కిరణ్ అనే బ్రాండింగ్ కన్సల్టెంటును పిలిపించారు. అతను పుట్టింది కలకడలోనే. అయితే బెంగళూరు చేరినప్పటి నుంచి, కలకడ అంటే అది ఏ పక్క వస్తుందని ఎదుటివాళ్లనే అడిగేవాడు.

"వెరీ సింపుల్ సార్. నల్ల ప్యాకెట్‌లో పోస్తే మెన్స్. పింక్ ప్యాకెట్‌లో పోస్తే లేడీస్."

"లోపల?"

"లోపల ఏముంటే అదే సార్."

"అదెట్లప్పా? తేడా ఉండొద్దా?"

"ఉంది కదా సార్. ప్యాకెట్."

మునిచంద్ర గారు కుర్చీని ఒక చుట్టు తిప్పి ఆలోచించారు. తన రాజకీయ జీవితంలో ఇంత తేటగా ఎవరూ మాట్లాడగా ఆయన వినలేదు.

నల్ల సంచికి 'మొనగాడు రాగిపిండి' అని పేరు పెట్టారు. దాని మీద కోరమీసాల వస్తాదు ఎద్దును భుజానికెత్తుకుని నవ్వుతుంటాడు. ఆ మీసం అచ్చం మంత్రిగారి మీసమే. యాదృచ్ఛికం అనుకునేవాళ్లు అనుకోవచ్చు. కింద 'ముద్ద మింగు, మీసం దువ్వు' అని రాయించారు. గులాబీ సంచి పేరు 'నాజూకు'. దాని మీద నడుము లేని ఒక పిల్ల సీతాకోకచిలుక వెంట పరుగెత్తుతుంటుంది. కింద 'తిన్నా తిననట్టే!' అని ఉంటుంది. ఆడవాళ్ల సున్నితమైన చేతులు బరువు మోయలేవు కాబట్టి నాజూకులో పిండి కొంచెం తగ్గించారు. ధర మాత్రం రెండింటికీ ఒకటే పెట్టారు. స్త్రీ పురుష సమానత్వం విషయంలో మండలి రాజీ పడదు.

పిండి ఆడించే పని పుంగనూరు గంగప్ప మిల్లుకు ఇచ్చారు. గంగప్ప రాగుల మూటలు విప్పి, కన్సల్టెంటును ఎగాదిగా చూశాడు.

"వీట్లో యావి మగ రాగులు సామీ?"

"అన్నీ ఒకటే గంగప్పా," అన్నారు మునిచంద్ర గారు. "పొద్దున ఆడించేది మొనగాడు. మధ్యాన్నం మింద ఆడించేది నాజూకు."

"మధ్యాన్నం కరెంటు యాడుంటాది?"

"పోనీ, మెన్స్‌కి బరకగా, లేడీస్‌కి మెత్తగా పట్టలేమా?" అన్నాడు ఉదయ్ కిరణ్.

"రాయి ఒకటే, గొట్టం ఒకటే అప్పా. గొట్టం కింద సంచి మార్చి పట్టుకుంటే పోలా?"

మునిచంద్ర గారు గంగప్ప భుజం తట్టారు. ప్రభుత్వ విధానం ఒక్క పూటలో మిల్లుదాకా దిగిన సందర్భం అంతకుముందు లేదు.

మొదటి అంగడి మదనపల్లె టమాటా మార్కెట్టు పక్కన పెట్టారు. రూప అనే డిగ్రీ పిల్లకు, మగవాళ్లు వస్తే నలుపు, ఆడవాళ్లు వస్తే గులాబీ అని శిక్షణ ఇచ్చి నిలబెట్టారు. మునిచంద్ర గారు ఎదురుగా కారులో కూర్చుని పర్యవేక్షించారు. ఏసీ పోతుందని అద్దాలు ఎక్కించుకోవడం వల్ల ఆయనకు మాటలు వినపడలేదు. సంచులు మాత్రం బాగా కనపడ్డాయి.

మొట్టమొదట వచ్చింది మునీశ్వరి. తెల్లారినప్పటి నుంచి లారీలకు టమాటా క్రేట్లు ఎత్తి, చీర కొంగుతో మొహం తుడుచుకుంటూ వచ్చింది.

"ఇదిగోండమ్మా, మీది నాజూకు," అంది రూప.

"ఇందులో ఏముండాది పాపా?"

"రాగిపిండి అమ్మా."

"ఆ నల్లదాంట్లో?"

"అదీ రాగిపిండే. కానీ అది మగవాళ్లకు."

మునీశ్వరి రెండు సంచులూ రెండు చేతుల్లో పెట్టుకుని ఎగరేసి చూసింది. "ఇది యాల తేలిగ్గా ఉండాది?"

"మీ చేతులు నొప్పి పెట్టకూడదని అమ్మా."

మునీశ్వరి తన చేతులను తిప్పి చూసుకుంది. తర్వాత రూప చేతులను చూసింది.

"తిన్నా తిననట్టే అని రాసుండారే, అదేంది?"

"కడుపు తేలిగ్గా ఉంటుందని అమ్మా."

"తేలిక కడుపుకి దుడ్డిచ్చి కొనేదేందే? అది మా ఇంట్లో ఊరికే ఉండాది. ఆ మీసాలాయన్ని ఇట్లియ్యి." నాలుగడుగులు వేసి మళ్లీ వెనక్కి వచ్చింది. "ఆ గులాబీది గూడా ఒకటియ్యి పాపా. మా ఇంటాయనకి. పొద్దస్తమానం మంచం మింద పడుకోని సెల్లు నొక్కతాంటాడు. ఆ పనికి అది సాలు."

వెనక నిలబడిన ఆడవాళ్లకు ఈ లెక్క వెంటనే నచ్చింది. సాయంత్రానికి రెండు రకాలూ ఖాళీ అయ్యాయి.

"సూసినావా ఉదయ్! రెండూ సమానంగా పోయిండాయి!" అని మునిచంద్ర గారు కారు దిగారు. "అయితే వచ్చినోళ్లంతా ఆడోళ్లే గదా?"

"కొనేవాళ్లు వేరు, తినేవాళ్లు వేరు సార్."

"అది నాకు తెలుసులే," అని ఆయన విలేఖరులకు ఫోన్ చేశారు.

ఈ పిండి ఎంత బలమైనదో గుడుపల్లెలో తేలింది. అక్కడ వెంకటముని అనే రైతుకు భార్య చెంగమ్మ చెప్పా పెట్టకుండా నాజూకు సంగటి పెడుతూ వచ్చింది. కొన్నాళ్లకు అతను నీళ్లు తెమ్మని కేకలేయడం మానేశాడు. తర్వాత తన దుప్పటి తానే మడిచాడు. ఒకనాడు తిన్న తట్ట కడిగి బోర్లించాడు. ఆనాటికి ఇంటిముందు జనం చేరారు. అందరూ చూస్తుండగానే అతను పెండ్లాం వైపు తిరిగి, "నువ్వు తింటివా?" అని అడిగాడు. గుడుపల్లెలో ఆ మాట మగవాడి నోట అంతకుముందు ఎవరూ వినలేదు. ఒక ముసలాయన అక్కడే కూలబడితే సోడా తాపించారు. మాటకు కాళ్లు లేకపోయినా కుప్పం బస్సు ఉంది. రెండు పూటల్లో వార్త మూడు తాలూకాలూ చుట్టింది.

మగవాళ్లంతా దినేష్ అనే యువజన నాయకుణ్ణి ముందర పెట్టుకుని పుంగనూరు ఆఫీసుకు వచ్చారు.

"సార్, మా ఇండ్లల్లో మాకు ఏం పెడతాండారో తెలవడంలే. ఉడికినాక రెండూ ఒకటే రంగు, ఒకటే రుసి!"

"రుచి ఒకటే అని బయట అనొద్దప్పా," అన్నారు మునిచంద్ర గారు, తలుపు వైపు చూస్తూ.

ఉదయ్ కిరణ్ అప్పటికప్పుడు దారి కనిపెట్టాడు. మొనగాడు సంచి కొన్న ప్రతి ఇంటికీ కొయ్యతో చేసిన మీసం అచ్చు ఒకటి ఉచితం. మగవాళ్ల ముద్ద మీద దాన్ని ఒత్తాలి. మీసం ఉంటే మొనగాడు, లేకుంటే నాజూకు. ఆ పథకం అద్భుతంగా పనిచేసింది. మగవాళ్లు ముద్ద మీద మీసం చూసుకుని, తమ మీసం తడుముకుని, తృప్తిగా తిన్నారు. కుండలోకి ఏ సంచి పిండి పోయిందని ఎవరూ అడగలేదు. మునిచంద్ర గారు కూడా ఇంట్లో అచ్చు పడని ముద్దను చేత్తో తాకేవారు కాదు.

అంతా సవ్యంగా సాగుతుండగా, కుప్పం మేళా ముందర మంత్రివర్గం మారింది. మీసాల మంత్రిగారు పోయారు. ఆయన స్థానంలో ఒక మహిళా మంత్రిగారు వచ్చారు.

టీవీ చూస్తున్న ఉదయ్ కిరణ్ నోట కలకడ ఒక్కసారిగా బయటపడింది. "కొంప మునిగిపాయ సార్! సంచుల నిండా ఆయప్ప మీసమే ఉండాదే! ఇంగ యాడికి పోదాం?"

సంచుల మీది మీసాలకు 'కొత్త సరుకు' అని చీటీలు అంటించారు. వస్తాదు ముక్కు కింద దెబ్బ తగిలి పట్టీ వేసుకున్నట్టు కనపడ్డాడు. దానికంటే పెద్ద చిక్కు వేరే ఉంది. మంత్రిగారికి ఏ ముద్ద పెట్టాలి? మీసం ముద్ద పెడితే ఆడమనిషిని ఎగతాళి చేసినట్టు. మీసం లేని ముద్ద పెడితే మంత్రిని తక్కువ చేసినట్టు. మునిచంద్ర గారు ప్రోటోకాల్ అధికారికి ఫోన్ చేశారు.

"మంత్రి స్థాయికి ఏది పెట్టాలని ఫైల్లో ఉందో అదే పెట్టండి," అన్నాడాయన. "మనం పెట్టేది పదవికి గానీ మనిషికి కాదు గదా."

"మీసంతోనా సార్?"

ఫోన్ కట్ అయింది.

మేళాలో సంగటి కెలికే బాధ్యత చైర్మన్ గారి భార్య ఆదిలక్ష్మమ్మది. మొగుడు పొయ్యి చుట్టూ తిరుగుతుంటే ఆమెకు చిరాకెత్తింది.

"ఏమయ్యా, కారు సక్రం మాదిరి తిరగతాండావు?"

"పదవి పోయేట్టుండాదే. ఆయమ్మకు మీసం ఒత్తాల్నా వద్దా?"

"సగం ఒత్తు," అంది ఆదిలక్ష్మమ్మ, తెడ్డు ఆపకుండా.

ఆయన కళ్లు మెరిశాయి.

మంత్రిగారు వచ్చారు, రిబ్బన్ కత్తిరించారు, కూర్చున్నారు. అరిటాకులో సంగటి ముద్ద, పక్కన నంజుకోవడానికి చెనక్కాయల ఊరుబిండి పెట్టారు. ఆమె ముద్దను ఒక పక్క నుంచి, మళ్లీ ఇంకో పక్క నుంచి చూశారు.

"ఇదేంది చైర్మన్ గారూ, ఒకవైపు మీసం ఉండాది, ఇంకోవైపు గొరిగేసినట్టుండాది?"

"సమానత్వం అమ్మా," అన్నారు మునిచంద్ర గారు చేతులు కట్టుకుని.

ఆమె నవ్వారు. సంగతంతా అడిగి చెప్పించుకున్నారు. సంచులు తెప్పించుకుని, పట్టీ వేసుకున్న వస్తాదును పరామర్శగా చూశారు. రెండు పిండ్లూ చిటికెడు చిటికెడు నోట్లో వేసుకున్నారు. ఉదయ్ కిరణ్ ఆకాశం వైపు చూశాడు.

"ఇంట్లో మీరు తినేది ఏది?"

"మొనగాడేనమ్మా! దినామూ!" అని ఆయన రొమ్ము విరుచుకున్నారు.

మంత్రిగారు ఆదిలక్ష్మమ్మ వైపు తిరిగారు. "నిజమేనా అమ్మా?"

ఆదిలక్ష్మమ్మకు పెద్దవాళ్ల ముందర అబద్ధం చెప్పే అలవాటు లేదు. "ఆయనకు మొదట్నుంచీ నాజూకే పెడతాండానమ్మా. కారులో కూసోనుండే మనిషి గదా, తేలిగ్గా అరగతాదని. మొనగాడు నేనూ, మా ఇంట్లో పనిచేసే రేష్మా తింటాండాము."

"మరి మీసం?"

"అది నేనే ఒత్తతాను. లేకుంటే తినడు."

మునిచంద్ర గారికి ఎర్రబోర్డు కళ్ల ముందర ఊడి కిందపడినట్టు కనపడింది. మంత్రిగారు మాత్రం ముద్ద మొత్తం తిని, చేయి కడుక్కుని, ఆయన్ను దగ్గరికి పిలిచారు.

"మంచి ఆలోచన చేసినారు చైర్మన్ గారూ. పదవి ఎక్కినప్పటి నుంచి నాకొక చిక్కు పడి ఉండాది. ఇప్పుడు విడిపోయింది."

ఉగాది నాటికి ఉత్తర్వులు వచ్చాయి. చిరుధాన్యాల ప్రోత్సాహక మండలిని మొనగాడు మండలి, నాజూకు మండలి అని రెండుగా చేశారు. మొనగాడు మండలికి మంత్రిగారి ఆడబిడ్డ రాహేలమ్మ గారిని చైర్‌పర్సన్‌గా నియమించారు. నాజూకు మండలికి మునిచంద్ర గారినే కొనసాగించారు. హోదా ఇద్దరికీ సమానం. ఆస్తుల పంపకం కూడా న్యాయంగానే జరిగింది. గది, కుర్చీ, డ్రైవరు, డీజిలు మొనగాడు మండలికి పోయాయి. కారు నాజూకు మండలికి వచ్చింది.

మునిచంద్ర గారికి కారు నడపడం రాదు. అయినా మరుసటి రోజు పొద్దున్నే ఇస్త్రీ చొక్కా వేసుకుని, ఇంటిముందున్న కారు వెనక సీటులో కూర్చుని, తలుపు వేసుకున్నారు. గులాబీ రంగు కొత్త బోర్డు ఎండకు మెరుస్తోంది. మిల్లుకు పోతున్న గంగప్ప ఆగి నమస్కారం పెట్టాడు.

"యాడికప్పా పయనం?"

ఆయన అద్దం దించారు. "విజయవాడకు గంగప్పా. మంత్రిగారు రమ్మన్నారు."

"పొయ్యిరాండి సామీ."

పొద్దు గుంకే వేళకు మిల్లు మూసి, గంగప్ప అదే దారిన తిరిగి వచ్చాడు.

"ఎప్పుడొస్తిరప్పా?"

"ఇప్పుడే," అన్నారు మునిచంద్ర గారు, రుమాలుతో మెడ తుడుచుకుంటూ. "దోవంతా ఒకటే ఎండ."