మూడు చేతులు పడ్డ వ్యాసం

ఆ రోజు పెద్దక్క పెట్టుకున్న పని ఒక్కటే. మనవరాలిని బడిలో దింపి, ఆఫీసుకు వెళ్లి, నగరసభ అధ్యక్షుణ్ణి ఉతికి ఆరేయడం. సాయంకాల పత్రికలో ముప్పై ఏళ్లుగా వ్యాసాలు రాస్తోంది, ఉతకడం ఆమెకు కొత్త కాదు. ఇంత ఒళ్లు మండి ఉతకడం మాత్రం ఇదే మొదలు.

మండదా మరి? బడి ముందు పెద్ద రోడ్డు దాటడానికి నడక వంతెన ఉంది. టీచర్లు కొత్త గదులు కావాలని దాని మెట్ల మీద బైఠాయిస్తే, అధ్యక్షుడు రెండు వైపులా గేట్లు పెట్టించి తాళాలు వేయించాడు. టీచర్లు లేచి వెళ్లి నెల దాటింది, తాళాలు మాత్రం ఊడలేదు. "వేసిన తాళం తియ్యను" అని ఊరంతా పోస్టర్లు వేయించుకున్నాడాయన. జనం ఇనుపాయన అంటే మురిసిపోతాడు. ముందు రోజే రోడ్డుకు అడ్డంగా దాటుతుంటే మనవరాలి బూటు లారీ చక్రం కింద నలిగింది. కాలు సమయానికి బయటికొచ్చింది కాబట్టి సరిపోయింది.

"పిల్లల ప్రాణాలంటే లెక్కలేని మొండివాడు" అని మొదలుపెట్టి, తల ఎత్తకుండా రాసి పారేసింది.

ఆ ఆఫీసులో ఒక అలవాటుంది. వెనకెప్పుడో ఒక ఘాటు వ్యాసం కోర్టు మెట్లు ఎక్కించినప్పటి నుంచి, చేతికొచ్చినదాన్ని ఒక్క పిసరు మెత్తబరిచి పంపమని సంపాదకుడు అందరికీ చెప్పి ఉంచాడు. ఎవరు మెత్తబరచాలో చెప్పలేదు. రోజూ ఎవరో ఒకరు చేస్తే మిగతావాళ్లు వదిలేసేవారు. ఆ రోజు కాగితం సెగలు కక్కుతుంటే ముగ్గురికీ దడ పుట్టింది. సంపాదకుడు "పిల్లల విషయంలో పట్టుదల గలవాడు" అని దిద్దాడు. ఉపసంపాదకుడికి అదీ వేడిగానే తోచి, "పట్టుదల ఉన్నా పిల్లలంటే మనసు మెత్తనివాడు" అన్నాడు. పేజీలు కూర్చే అతను చోటు చాలక ముందు సగం లేపేసి, మిగిలిన ముక్కను అధ్యక్షుడి నవ్వుతున్న ఫొటోతో సహా శీర్షిక చేశాడు. లోపలి వాక్యాలకూ ఇదే గతి పట్టింది.

మధ్యాహ్నం పత్రిక చూసి పెద్దక్క లేచిన లేవడానికి బల్ల మీది టీ సంపాదకుడి ఒళ్లో పడింది.

"ఇది నేను రాసిందా?"

"కాస్త నెమ్మదిగా చెప్తే అధ్యక్షుడే వింటాడక్కా" అన్నాడాయన చొక్కా దులుపుకుంటూ.

"నెల నుంచి నెమ్మదిగానే చెప్పాం. లారీవాడు కూడా నెమ్మదిగా వస్తాడేమో కనుక్కుని చెప్పు."

అక్కడికక్కడే రాజీనామా రాసి ఆయన ముందు పడేసింది. ఆయన అలవాటు కొద్దీ అందులోనూ ఒక మాట దిద్దాడు.

ఈలోగా పత్రిక ఊరి మీద పడింది. మనసు మారినందుకు సంతోషమంటూ టీచర్లు ఇనుపాయన ఇంటికి పూలు పంపారు. సాయంత్రం టీవీలో నవ్వించేవాడొకడు ఆయన గొంతుతో జోలపాట పాడాడు. ఆయన గట్టిదనం చూసి ఓట్లేసిన సొంత మనుషులే గుమ్మంలో నిలబడి, ఎవరికి లొంగావని నిలదీశారు. ఆదివారం సమావేశంలో నాయకుణ్ణి మార్చేద్దామన్న గుసగుసలూ మొదలయ్యాయి.

మర్నాడు పెద్దక్క సొరుగు ఖాళీ చేస్తుంటే ఇనుపాయన స్వయంగా దిగాడు. ఎదురెళ్లిన సంపాదకుణ్ణి పక్కకు నెట్టి, నేరుగా ఆమె బల్ల దగ్గరకే వచ్చాడు.

"నేను మీకేం అన్యాయం చేశానమ్మా? ఇన్నాళ్లూ చక్కగా తిట్టేవారు."

"తిట్టే రాశానండి."

"అయితే మళ్లీ రాయండి. మొండివాడు, రాతిగుండె, మీ ఇష్టం. ఆదివారం లోపల రావాలి."

ఇన్నాళ్లూ తిట్టి తిట్టి, ఈయన అడక్కుండానే ఈయనకు కావలసింది పెడుతున్నానన్నమాట అనుకుంది పెద్దక్క. కోపం చల్లారలేదు గానీ, దానికి దారి దొరికింది. సొరుగు మూసి కుర్చీలో కూర్చుంది.

"నిన్న మీ అమ్మగారు ఫోన్ చేశారు. పత్రిక చూసి ఎంత పొంగిపోయారో. బడికి పొమ్మంటే గేటు పట్టుకుని ఏడ్చేవారట మీరు. ఇలాంటివి రోజుకొకటి చొప్పున నెలంతా చెప్తానన్నారు. రేపటి నుంచి వేస్తాం."

ఇనుపాయన కుర్చీ వెతుక్కుని కూలబడ్డాడు.

"తాళాలు తీస్తే?"

"తీసిన రోజున తిట్టు అచ్చవుతుంది. దాని మీద ఎవడి చెయ్యీ పడదు." చివరి మాట సంపాదకుడి వైపు చూసి అంది. ఆయన చేతులు రెండూ జేబుల్లో పెట్టుకున్నాడు.

శనివారం పొద్దున వంతెన కింద జనం చేరారు. తాను ఎవరికీ తల వంచే మనిషిని కానని ఇనుపాయన మైకులో గర్జించి, తాళం తీయనా అన్నట్టు పెద్దక్క వైపు చూశాడు.