కోడలు తినని భోజనాలు

ఆ రోజు కోడలు వేసుకున్న పథకం చాలా చిన్నది. పొద్దున్నే ప్రభుత్వాఫీసుకు వెళ్లాలి. కింద పన్నుల గదిలో ఒక సంతకం, మేడమీద బీమా కిటికీ దగ్గర ఒక సంతకం. మధ్యాహ్నానికల్లా ఇంటికొచ్చి వాచిన కాళ్లు దిండు మీద పెట్టుకోవాలి.

ఆమె విమానంలో ప్రయాణికులకు భోజనాలు అందించే ఉద్యోగి. ఏడో నెల రావడంతో విమానం దిగిపోయింది. భర్త పనిచేసే ప్రెస్సు మూతపడి నాలుగు నెలలైంది. ఇక బిడ్డ బోర్లా పడేదాకా ఇంటిల్లిపాదీ బతకాల్సింది బీమావాళ్లిచ్చే ప్రసవ సెలవు డబ్బుతోనే. అది మేడమీద తేలుతుంది. కింద తేలాల్సింది వేరు. పరాయి ఊళ్లలో దిగినప్పుడు కంపెనీ ఇచ్చిన తిండి భత్యం నిజంగా తిండికే ఖర్చయితే పన్ను లేదు. కాకపోతే అది జీతం కిందే లెక్క, పన్ను కట్టాలి.

ఆమె అందులో తిండికి చిల్లిగవ్వ కూడా ఖర్చుపెట్టలేదు. మూడేళ్లుగా ఏ దేశంలో దిగినా, హోటల్ మంచం మీద కూర్చుని అత్తగారు కట్టిచ్చిన క్యారియరే తింది. మిగిలిన డబ్బుతో ఇంటి పైకప్పు వేయించారు.

"అత్తయ్యా, క్యారియర్ మాట ఎత్తకండి," అంది దారిలో.

"నాకామాత్రం తెలీదా?" అంది అత్తగారు, ఒళ్లో సంచి సర్దుకుంటూ.

పిలుపు వచ్చేసరికి పన్నెండు దాటింది.

"మూడేళ్ల భోజనాలకు ఒక్క బిల్లూ లేదేంటమ్మా?" అన్నాడు పన్నుల అధికారి.

"పారేశానండీ."

ఆయన ముక్కు ఎగబీల్చాడు. "మరి ఆ సంచిలో ఏంటి?"

కోడలి పైప్రాణాలు పైనే పోయాయి.

"నా భోజనమండీ," అంది అత్తగారు. "మా కోడలు ఇంటి వంట ముట్టదు. నా కూర చూస్తేనే దానికి కడుపులో తిప్పుతుంది. బయట కొనుక్కుంటే గానీ ముద్ద దిగదు."

వీధి వీధంతా మెచ్చుకునే వంట గురించి ఆ మాట అనడానికి ఆవిడ గుండె ఎంత రాయి చేసుకుందో కోడలికే తెలుసు.

"నాలుగు గిన్నెలూ మీరొక్కరే తింటారా?" అన్నాడు ఆయన, సంచిలోకి తొంగి చూసి.

"రోజూ అంతేనండీ."

"అయితే కానివ్వండి. వేళయింది కదా."

అత్తగారు మూత తీసింది. మొదటి గిన్నె ఆకలితో తింది. రెండోది పౌరుషంతో. మూడోది కళ్లనీళ్లతో. నాలుగోది దేవుడి మీద భారం వేసి. పొద్దున్నుంచి పచ్చి మంచినీళ్లు ముట్టని కోడలి కడుపులో బిడ్డ ఒక్క తన్ను తన్నింది.

"నువ్వూ కాస్త తింటావా అమ్మా?" అన్నాడు అధికారి, పరీక్షగా చూస్తూ.

"వద్దండీ. కడుపులో తిప్పుతుంది," అంది కోడలు గుటక మింగుతూ.

ఆయన అత్తగారి మాటలన్నీ రాసి సంతకం పెట్టించుకున్నాడు. 'తిండి ఖర్చు, జీతం కాదు' అని కాగితం మీద ముద్ర కొట్టాడు. ఇద్దరూ గట్టెక్కామనుకుంటూ మెట్లెక్కారు.

మేడమీద గుమాస్తా ఆ కాగితం రెండుసార్లు చదివింది. "అయితే ప్రసవ సెలవు డబ్బు సగానికి సగం తగ్గుతుందమ్మా."

"అదేంటండీ?"

"దాన్ని జీతాన్ని బట్టే ఇస్తాం. మీ రాబడిలో సగం పైగా భత్యమే. అది జీతం కాదని ఇప్పుడే ముద్ర కొట్టించుకొచ్చారుగా."

"పన్ను కట్టుంటే?"

"మొత్తం వచ్చేది. ఆ పన్ను ఎంతని? ఈ సెలవు డబ్బులో ఒక్క నెలది కూడా కాదు."

అత్తగారు కిటికీ ఊచలు పట్టుకుంది. "తినలేదమ్మా, ఇది బయట మెతుకు ముట్టలేదు. మూడేళ్లూ నా చేతి వంటే. కావాలంటే చూడు," అంటూ సంచిలోంచి క్యారియర్ తీసింది. ఖాళీ గిన్నెలు గలగలలాడాయి.

"మీ వంట చూస్తే తనకి కడుపులో తిప్పుతుందని ఇక్కడుంది. సంతకం మీదే."

"అబద్ధం చెప్పానమ్మా."

"ఏది? అదా, ఇదా?"

అత్తగారు ఖాళీ గిన్నెలు మళ్లీ సంచిలో పెట్టుకుంది. కోడలు నెమ్మదిగా మెట్లు దిగింది. ఆఖరి మెట్టు మీద కళ్లు తిరిగి కూలబడింది. అత్తగారు ఆమె చెయ్యి పట్టుకుని లేపి, రోడ్డవతల ఉన్న హోటల్‌కు తీసుకెళ్లింది.

మూడేళ్లలో కోడలు బయట కొనుక్కుని తిన్న మొదటి భోజనం అదే. బిల్లు అడిగి మరీ తీసుకున్నారు.